హైదరాబాదు రాష్ట్రపు ఆఖరి ముఖ్యమంత్రి



మీ ఇంట్లో తాతల నాటి ట్రంకుపెట్టె ఏదైనా ఉంటే ఒకసారి తెరిచి చూడండి. పహాణీ నకళ్ళు, శిస్తు రసీదుల అడుగున పాతబడిన కాగితం ఒకటి దొరకవచ్చు. దాన్ని పెద్దవాళ్ళు ముప్పై ఎనిమిది ఇ సర్టిఫికెట్టు అంటారు. రాయపోల్, దుబ్బాక, గజ్వేల్ వైపు పల్లెల్లో ఆ మాట తెలియని రైతు అరుదు. దొర భూమిని తరతరాలుగా దున్నిన కౌలుదారుడికి ఆ భూమిపై హక్కు ఇచ్చే కాగితం అది. దాని కోసం కోర్టుల చుట్టూ తిరిగి ముసలివాళ్ళయినవారున్నారు. దాన్ని నమ్ముకుని పిల్లల్ని చదివించుకున్నవారూ ఉన్నారు.

ఆ కాగితం వెనుక ఉన్న చట్టం అమలుకు వచ్చిన తొలి రోజుల్లో రెవెన్యూ మంత్రి, అందులో ఆ ముప్పై ఎనిమిది ఇ సెక్షను చేరిననాటికి ముఖ్యమంత్రి, ఒక్కరే. ఆయనే బూర్గుల రామకృష్ణారావుగారు. ఒక రాష్ట్రానికి ప్రజలు ఎన్నుకున్న తొలి ముఖ్యమంత్రి. ఆ రాష్ట్రానికి ఆఖరి ముఖ్యమంత్రి కూడా ఆయనే. ఈ వారం ఆయన కథ చెప్పుకుందాం.

ముందు ఆ రాష్ట్రం ఎలాంటిదో తెలియాలి. ఇప్పటి పిల్లలకు హైదరాబాదు అంటే నగరమే. 1956 వరకు హైదరాబాదు అంటే సుమారు 82 వేల చదరపు మైళ్ళ రాష్ట్రం. 1951 జనాభా లెక్కల్లో అక్కడ 1 కోటి 86 లక్షల మంది ఉన్నారు. అందులో దాదాపు సగంమంది తెలుగు మాట్లాడేవారు. పడమట ఔరంగాబాదు, బీడ్, నాందేడ్ వంటి మరాఠీ జిల్లాలు. అక్కడిది నల్లరేగడి, జొన్న, పత్తి పండే నేల. నైరుతిన రాయచూరు, గుల్బర్గా, బీదరు కన్నడ జిల్లాలు. తూర్పున మనం.

మన తెలంగాణ నేల వేరు. అడుగున గట్టి రాయి, పైన ఎర్ర చెల్క. ఎటు చూసినా గుండ్లు, గుట్టలు. ఇటువంటి నేలలో వాన నీరు నిలవదు, వాలు చూసుకుని వాగుల్లోకి జారిపోతుంది. అందుకే కాకతీయుల కాలం నుంచీ మనవాళ్ళు గుట్టకూ గుట్టకూ మధ్య కట్ట వేసి చెరువు చేశారు. ఒక చెరువు అలుగు పారితే దిగువ చెరువు నిండేది. ఉత్తరాన గోదావరి, దక్షిణాన కృష్ణ. రెండు పెద్ద నదులూ ఆ రాష్ట్రంలోనే పారుతున్నా, వాటి మధ్య మెట్ట మీద ఉన్న రాయపోల్ వంటి ఊళ్ళు మాత్రం ఆకాశం వైపు చూడవలసిందే. మంజీర మన పాత మెదక్ జిల్లాలోనుంచే వెళ్ళినా, దాని మీద 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ తడిపింది నిజామాబాదు పొలాలను. నీళ్ళు లేనిచోట భూమి చవక కావాలి. మన దగ్గర అదీ కాలేదు. భూమి దేశ్‌ముఖుల, జాగీర్దారుల చేతుల్లో ఉండేది, కష్టం రైతుది.

రామకృష్ణారావుగారు 1899 మార్చి 13న పాలమూరు జిల్లా పడకల్‌లో పుట్టారు. అసలు ఇంటిపేరు పుల్లంరాజు. సొంత ఊరు బూర్గుల కాబట్టి లోకానికి బూర్గుల అయ్యారు. హైదరాబాదులో హైస్కూలు, పూణేలో ఫెర్గూసన్ కళాశాల, బొంబాయిలో న్యాయశాస్త్రం. తిరిగివచ్చి హైదరాబాదులో వకీలుగా స్థిరపడ్డారు. తర్వాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావుగారు తన తొలి రోజుల్లో ఆయన దగ్గరే జూనియరు వకీలు. ఈ గురుశిష్యులిద్దరికీ ఒక పోలిక ఉంది. ఇద్దరూ బహుభాషావేత్తలు, మృదుభాషులు. పార్టీ గీసిన గీత మనసుకు గుచ్చుకున్నా దాటనివారు.

బూర్గులవారికి వచ్చిన భాషల జాబితా పెద్దది. తెలుగు, ఉర్దూ, పారశీకం, సంస్కృతం, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు. పారశీక సాహిత్యాన్ని తెలుగువారికి పరిచయం చేశారు. సంస్కృత స్తోత్రాలను తెలుగు చేశారు. మూడు భాషల ప్రజలున్న రాష్ట్రంలో అందరి మాటా అర్థమయ్యే నాయకులు ఎంతమంది ఉంటారు?

అన్ని భాషలు వచ్చినా ఆయన ప్రజాజీవితం మొదలైంది తెలుగుకు జరిగిన అవమానం వల్లే. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని హాలులో సంఘసంస్కరణ సభ జరిగింది. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ప్రసంగాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావుగారు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు చప్పట్లు, ఈలలతో ఆయన్ని కూర్చోబెట్టారు. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్ళు టేక్మాల్ రంగారావుగారి ఇంట్లో కూర్చుని ఆంధ్రజన సంఘం స్థాపించుకున్నారు. టేక్మాల్ మన మెదక్ జిల్లా ఊరే సుమా. ఆ యువకుల్లో మాడపాటి హనుమంతరావుగారితో పాటు ఇరవై రెండేళ్ళ బూర్గులవారూ ఉన్నారు.

ఆ సంఘమే పెరిగి ఆంధ్రమహాసభ అయింది. మొదటి సభ 1930లో జోగిపేటలో జరిగింది, సురవరం ప్రతాపరెడ్డిగారు అధ్యక్షులు. రెండవది 1931లో దేవరకొండలో, అధ్యక్షులు బూర్గులవారు. ఆ రోజుల్లో నిజాం ప్రభుత్వపు ముందస్తు అనుమతి లేకుండా సభ పెట్టుకునే వీలు లేదు. గ్రంథాలయం పెట్టినా అనుమానమే, బడి పెట్టినా అనుమానమే. ఇటువంటి చోట రాజకీయం చేసేవాడు కేకలు వేస్తే పని జరగదు. అర్జీ రాయాలి, చట్టంలో సందు వెతకాలి, ఓపిక పట్టాలి. బూర్గులవారి స్వభావం అక్కడే తయారైంది. అదే ఆయన బలం, తర్వాత అదే ఆయన బలహీనత కూడా అయిందని నా అభిప్రాయం.

1940ల తెలంగాణ సాయుధ పోరాటం మీకు పెద్దలు చెప్పే ఉంటారు. వెట్టిచాకిరీ, రజాకార్లు, చివరికి 1948 సెప్టెంబరులో పోలీసు చర్య. ఆ తర్వాత సైనిక గవర్నరు పాలన, దాని తర్వాత ఐ.సి.ఎస్. అధికారి వెల్లోడిగారు ముఖ్యమంత్రిగా తాత్కాలిక ప్రభుత్వం. 1950లో ఆ ప్రభుత్వంలో చేరిన కాంగ్రెసు నాయకుల్లో బూర్గులవారు రెవెన్యూ మంత్రి. ఆ ఏడాదే హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది.

ఆ చట్టాన్ని కొంచెం నిదానంగా చూద్దాం. వరుసగా ఆరేళ్ళు ఒక భూమిని కౌలుకు చేసినవాడిని, చట్టం చెప్పిన షరతులకు లోబడి, రక్షిత కౌలుదారుడిగా గుర్తించమంది. అతన్ని ఇష్టం వచ్చినట్లు వెళ్ళగొట్టకూడదు. అతను పోతే హక్కు వారసులకు వస్తుంది. కొనదలిస్తే ముందు హక్కు అతనిదే. 1954లో సవరణ తెచ్చి, ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో ఆ కౌలుదారుడికే యాజమాన్యం బదిలీ అయ్యేలా ముప్పై ఎనిమిది ఇ సెక్షను చేర్చారు. అప్పటికి దేశంలో ఇంతదూరం వెళ్ళిన చట్టాలు తక్కువ.

కాగితం మీద అంత గట్టి చట్టం, మరి పొలంలో ఏమైంది? పట్వారీ చేతిలో రికార్డు, పట్వారీ దొర మనిషి. రక్షిత కౌలుదారుగా పేరు ఎక్కకముందే కొందర్ని వెళ్ళగొట్టారు. పేరు ఎక్కిన తర్వాత మరికొందరి చేత, ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నామని వేలిముద్ర వేయించుకున్నారు. 1950లలోనే ఖుస్రో అనే ఆర్థికశాస్త్రవేత్త పల్లెలు తిరిగి అధ్యయనం చేసి, ఆ ఇష్టపూర్వకం అనే మాటలో ఇష్టం ఎంత ఉందో బయటపెట్టారు. ఇక ముప్పై ఎనిమిది ఇ కింద తెలంగాణలో చాలాచోట్ల హక్కులు ఇవ్వడం 1973 నుంచి గాని మొదలుకాలేదు. చట్టం చేసినవాడు అప్పటికి చనిపోయి ఆరేళ్ళు. మంచి చట్టం రాయగలిగిన ఆ వకీలు, దాన్ని ఊరి కచేరీ దాకా తరిమి తీసుకువెళ్ళే రాజకీయ నాయకుడు కాలేకపోయారు. ఆయన పార్టీలో భూస్వాములు తక్కువేమీ కాదని కూడా గుర్తుంచుకోండి.

1952లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. 175 స్థానాల హైదరాబాదు శాసనసభలో కాంగ్రెసుకు 93 వచ్చాయి. నల్లగొండ, వరంగల్ వైపు కమ్యూనిస్టులు పి.డి.ఎఫ్. పేరుతో బలంగా గెలిచారు. మార్చి 6న బూర్గులవారు ముఖ్యమంత్రి అయ్యారు. నిన్నటిదాకా రాజుగా ఉన్న ఏడవ నిజాం ఇప్పుడు రాజప్రముఖ్. ఆయన పాలనలో సభకు అనుమతి అడుక్కున్న వకీలు ఇప్పుడు ప్రభుత్వాధినేత.

ఆరు నెలలు తిరగకముందే పరీక్ష వచ్చింది. పోలీసు చర్య తర్వాత బయటి ప్రాంతాల నుంచి, ముఖ్యంగా ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చినవారికి ఇక్కడి ఉద్యోగాలు పోతున్నాయని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. అదే ముల్కీ ఉద్యమం. ముల్కీ అంటే ఈ ముల్కువాడు, స్థానికుడు. 1952 సెప్టెంబరు మొదటి వారంలో హైదరాబాదులో సిటీ కాలేజీ ప్రాంతంలో పోలీసు కాల్పులు జరిగాయి. యువకులు చనిపోయారు. ప్రభుత్వం న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిగారితో విచారణ జరిపించింది. ఈ భాగాన్ని దాటవేసి బూర్గులవారిని పొగడడం సులువు, కాని అది ఆ తల్లులకు న్యాయం కాదు. తెలుగు మాట్లాడనివ్వలేదని సంఘం పెట్టిన మనిషి ప్రభుత్వంలోనే, ఉద్యోగం అడిగిన తెలుగు పిల్లల మీద తుపాకి పేలింది.

ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే, 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు ప్రధాని నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. అది ఆంధ్ర, హైదరాబాదు రాష్ట్రాల ఉమ్మడి పథకం. నల్లగొండ, ఖమ్మం పొలాలకు దాని ఎడమ కాలువ ప్రాణం పోసింది. మన మెట్టకు మాత్రం పెద్ద నది నీళ్ళు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. తొగుట దగ్గర 50 టి.ఎం.సి.ల మల్లన్నసాగర్ ప్రారంభమైంది 2022 ఫిబ్రవరిలో. దాని కోసం వేములఘాట్, పల్లెపహాడ్ వంటి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. పొరుగువాడి ఊరు మునిగితే మన చెరువు నిండింది. ఇది మరో వారం మాట్లాడుకోవలసిన సంగతి.

శంకుస్థాపన జరిగేనాటికే ఆ రాష్ట్రం ఉంటుందా ఊడుతుందా అన్న ప్రశ్న తలెత్తింది. ఫజల్ అలీగారి అధ్యక్షతన ఏర్పడిన రాష్ట్రాల పునర్విభజన సంఘం 1955 సెప్టెంబరు చివర నివేదిక ఇచ్చింది. మరాఠీ, కన్నడ జిల్లాలు వాటి భాషా రాష్ట్రాలకు పోవాలి. మిగిలిన తెలుగు ప్రాంతం మాత్రం ప్రస్తుతానికి హైదరాబాదు రాష్ట్రంగానే విడిగా ఉండాలి. 1961 సుమారున జరిగే ఎన్నికల తర్వాత, శాసనసభలో మూడింట రెండువంతుల మంది కోరితే ఆంధ్రతో కలవవచ్చు. ఇదీ సంఘం సలహా. చదువులో, ఉద్యోగాల్లో ముందున్న కోస్తావారితో కలిస్తే వెనకబడిపోతామని తెలంగాణవారికి ఉన్న భయాన్ని సంఘం పట్టించుకుంది. భూమి శిస్తు, ఆబ్కారీ వల్ల తెలంగాణ ఖజానా బాగుంటే, ఆంధ్ర ఖజానా లోటులో ఉందన్న సంగతీ గమనించింది.

ఇక్కడ మీకొక పోలిక చెప్పాలి. అమెరికాలోనూ రాష్ట్రాలు ఉన్నాయి. కొలరాడో, వయోమింగ్ వంటి వాటి పటం చూడండి, పలక మీద స్కేలు పెట్టి గీసినట్లు ఉంటుంది. అక్కడ హద్దులు గీసినప్పుడు ఎవరి భాష ఏమిటని అడగలేదు. కాని ఒకసారి రాష్ట్రం ఏర్పడితే, దాని శాసనసభ ఒప్పుకోకుండా దాన్ని ఇంకొకదానితో కలపడానికి, చీల్చడానికి వీల్లేదని వారి రాజ్యాంగం చెబుతుంది. మన రాజ్యాంగం మూడవ అధికరణం అలా కాదు. రాష్ట్రపతి రాష్ట్రపు అభిప్రాయం అడగాలి. ఆ అభిప్రాయం ప్రకారమే నడవాలన్న నియమం మాత్రం లేదు. అంటే కొలరాడో గవర్నరుకు రాని కష్టం ఒకటి బూర్గులవారికి వచ్చింది. తన కుర్చీయే కాదు, తన రాష్ట్రమే ఢిల్లీ చేతిలో ఉంది.

ఆయన మనసులో ఏముంది? చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. తెలుగువాళ్ళంతా ఒకటి కావాలన్న కోరిక 1921 నాటి మనిషిలో ఉండడం సహజం. హైదరాబాదు శాసనసభ చర్చలో మాట్లాడినవారిలో ఎక్కువమంది విశాలాంధ్రనే సమర్థించారు. అయినా తెలంగాణలో జనాభిప్రాయం వేరు రాష్ట్రం వైపే మొగ్గి ఉందని కాంగ్రెసు అధ్యక్షులు ధేబర్‌గారికి ఆయన లేఖ రాశారు. తర్వాత అధిష్ఠానం విలీనానికే మొగ్గింది. ఆయన తలవంచారు. రాజీనామా చేసి ఊరూరా తిరిగి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఆయన చేసింది వకీలు పని. కలవక తప్పనప్పుడు షరతులు రాయించుకుందాం అనుకున్నారు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ఆంధ్ర వైపు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజుగార్లు. తెలంగాణ వైపు బూర్గులవారు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావుగార్లు. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే ఖర్చు చేయాలి. ఉద్యోగాల్లో, కళాశాల సీట్లలో స్థానికులకు రక్షణ ఉండాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు కావాలి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది. సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రి. ఉప ముఖ్యమంత్రి కుర్చీ ఆ తొలి మంత్రివర్గంలో వేయనే లేదు. ఒప్పందంలో మొదట చెల్లని షరతు అదే.

రాష్ట్రం పోయిన ముఖ్యమంత్రికి మరో రాష్ట్రం దొరికింది. అదే నవంబరులో బూర్గులవారు కొత్తగా ఏర్పడిన కేరళకు గవర్నరుగా వెళ్ళారు. ఇక్కడినుంచి ఈ కథ మన శ్రీసభ చరిత్రను కూడా తాకుతుంది.

1957 ఏప్రిల్‌లో కేరళలో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్‌గారి కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. వారి విద్యా బిల్లు ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలపై గట్టి అదుపు పెట్టింది. కేరళలో అటువంటి బడుల్లో పెద్ద భాగం కతోలికులవి. గవర్నరు ఆ బిల్లును రాష్ట్రపతి పరిశీలనకు పంపారు, రాష్ట్రపతి సుప్రీంకోర్టు సలహా అడిగారు. 1958 మేలో కోర్టు, బిల్లులోని కొన్ని క్లాజులు అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు 30వ అధికరణం ఇచ్చిన హక్కుకు విరుద్ధమని చెప్పింది. ఈనాడు మన మఠకన్యల బడులు ఆ హక్కు ప్రస్తావించినప్పుడల్లా ఆ సలహా గుర్తుకు తెచ్చుకోవచ్చు.

బిల్లు సవరించారు. గొడవ మాత్రం ఆగలేదు. 1959 జూన్, జూలై నెలల్లో పీఠాధిపతులు, నాయర్ సంఘం, ముస్లింలీగు, కాంగ్రెసు అంతా కలిసి విమోచన సమరం నడిపారు. జూన్ 13న అంగమాలిలో పోలీసు కాల్పుల్లో మనవాళ్ళు చనిపోయారు. ప్రభుత్వం ప్రజల విశ్వాసం పోగొట్టుకుందని గవర్నరు ఢిల్లీకి నివేదిక పంపారు. జూలై 31న నంబూద్రిపాద్‌గారి ప్రభుత్వాన్ని రద్దుచేశారు. తర్వాతి ఎన్నికల్లో, 1960లో, కమ్యూనిస్టు వ్యతిరేక కూటమి గెలిచింది.

మన కుటుంబాల్లో ఈ కథను విజయగాథగా చెప్పడం అలవాటు. బడుల మాటకొస్తే మన భయం నిజమైనదే. కాని అదే జూన్‌లో ఆ ప్రభుత్వం కౌలుదారుల కోసం భూసంబంధాల బిల్లు కూడా ఆమోదించిందని, దాన్ని వ్యతిరేకించినవారిలో భూములున్న కతోలికులూ ఉన్నారని దాచకూడదు. ఎన్నికైన ప్రభుత్వాన్ని సభలో మెజారిటీ ఉండగానే తీసేయడం సరైనదా అన్నది ఇప్పటికీ తేలని ప్రశ్న. 1994లో బొమ్మయి కేసులో సుప్రీంకోర్టు, మెజారిటీ తేలవలసింది శాసనసభలోనేనని చెప్పి ఆ తలుపు చాలావరకు మూసింది. తెలంగాణలో కౌలుదారుడికి చట్టం తెచ్చిన మనిషి సంతకంతోనే, కేరళలో కౌలుదారుడికి చట్టం తెచ్చిన ప్రభుత్వం మీద ఆ నివేదిక వెళ్ళింది. ఆయనకు ఆ వైరుధ్యం తట్టకుండా ఉండదు. తట్టినా, బయటపడే మనిషి కాదు.

1960లో ఉత్తరప్రదేశ్ గవర్నరుగా బదిలీ అయ్యారు. 1962లో ఆ పదవి వదిలి, రాజ్యసభ సభ్యులుగా 1966 వరకు ఉన్నారు. 1967 సెప్టెంబరు 14న మరణించారు. ఒప్పందం అమలు కాలేదన్న కోపంతో 1969లో తెలంగాణ భగ్గుమన్నప్పుడు ఆయన లేరు. ఆయనతో పాటు సంతకం చేసిన చెన్నారెడ్డిగారు ఆ ఉద్యమానికి నాయకులయ్యారు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించినా, పార్లమెంటు మూడవ అధికరణం కిందనే దాన్ని ఆమోదించింది. 1956లో మనల్ని కలిపినప్పుడు అక్కరకు వచ్చిన అధికరణమే విడదీసినప్పుడూ అక్కరకు వచ్చింది. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది.

హైదరాబాదులో పాత సచివాలయం పక్కనే బి.ఆర్.కె.ఆర్. భవన్ అనే ప్రభుత్వ భవనం ఉంది. ఆ అక్షరాలు ఎవరి పేరువో అడిగితే అక్కడికి పనిమీద వెళ్ళేవారిలో చాలామంది చెప్పలేరు. పాత సచివాలయం కూల్చి కొత్తది కట్టే రోజుల్లో, 2019 నుంచి 2023 ఏప్రిల్ 30న కొత్త భవనం ప్రారంభమయ్యేదాకా, తెలంగాణ రాష్ట్ర సచివాలయం అక్కడే పనిచేసింది. మన భూముల ఫైళ్ళు ఆ నాలుగేళ్ళు కదిలింది ఆ బూర్గుల రామకృష్ణారావు భవన్‌లోనే.